వాకిట నిలిచిన పిల్లలు: దసరా పప్పుబెల్లములును హాలోవీన్ మిఠాయిలును

(రాబర్ట్‌సన్‌పేటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు చాలించి అంగడి గద్దె నెక్కినవారము. అయినను ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆదేశించిరి గనుక సాహసించుచున్నాము.

గత సమావేశమున జరిగిన చర్చ మీకు జ్ఞాపకమున్నది. మన పేటలోని ఒక ఇంగ్లీషు బడిలో అక్టోబరు చివర పిల్లలకు దయ్యముల వేషములు వేయించిరి. ఆ సాయంకాలమే కొత్త ఇండ్ల వరుసలలో కొందరు పిల్లలు మొగమునకు నల్లరంగు పూసికొని, చేత ప్లాస్టిక్ గుమ్మడికాయ బుట్టలు పట్టుకొని ఇంటింటి తలుపు తట్టి మిఠాయి లడిగిరి. ఇది మన సంప్రదాయమునకు విరుద్ధమనియు, దీనిని ఖండించుచు సంఘము పేర ఆ బడికి ఒక లేఖ పంపవలెననియు ఇద్దరు మిత్రులు ప్రతిపాదించిరి. వారి ఆవేదన మాకు తెలియును. కాని లెక్క చూడక సరుకు త్రిప్పిపంపుట వర్తకుని పద్ధతి కాదు. ముందుగా లెక్క చూతము.

పిల్లలు గుంపుగా బయలుదేరి ఇంటింటి వాకిట నిలిచి తినుబండారము పుచ్చుకొనుట మనకు క్రొత్తదా? మన పెద్దలలో పలువురు చిత్తూరు, కడప, నెల్లూరు సీమలనుండి ఈ గనుల ఊరికి వచ్చినవారు. దసరా వచ్చినదనగా తెలుగునాట వీథిబడుల పంతుళ్ళు పిల్లలను వెంటబెట్టుకొని ఊరంతయు తిరిగెడివారు. పిల్లలకు క్రొత్తబట్టలు, చేత రంగుకాగితము లంటించిన వెదురు విల్లంబులు. బాణపు కొనయందలి చిన్న బుఱ్ఱలో పూలో, బుక్కాయో పెట్టి గృహస్థునిపై చిమ్మెడివారు. దసరా పద్యములు ఎలుగెత్తి చదివెడివారు. ఆ పద్యముల చమత్కార మంతయు గృహస్థుని నిర్బంధించుటలోనే యున్నది. లేదనకుడు, రేపు రమ్మనకుడు, గురువునకు నగదును పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చి పంపుడు, అని వాని భావము. ఇంటి యజమాని పంతులుగారి చేతిలో రూపాయో, అర్ధరూపాయో పెట్టెడివాడు. ఇల్లాలు పిల్లల దోసిళ్ళలో పుట్నాలపప్పును బెల్లపు ముక్కలును పోసెడిది.

ఇది మేము కన్నులార చూచినది కాదు. మేము పుట్టునాటికి ఆ పద్ధతి దాదాపు అంతరించినది. పెద్దలవలన విన్నదానిని చెప్పుచున్నాము. మైసూరు సీమలోని కన్నడ సోదరులకును ఇట్టి ఆచారమే కలదు. మహానవమి దినములలో ఉపాధ్యాయులు బాలురను వెంటబెట్టుకొని ఇంటింట చౌపదములు పాడించెడివారు. సరిహద్దు కీవల నావల భాష మారినదే గాని బెల్లము మారలేదు.

ఈ ఆచారము ఊరకే పుట్టలేదు. వీథిబడి పంతులునకు సర్కారు జీతము లేదు. పిల్లల తండ్రు లిచ్చు కొలదిపాటి రుసుముతోను, ధాన్యముతోను అతని సంసారము గడవవలెను. దసరా సంభావన అతనికి సంవత్సరమున కొకమారు వచ్చు పెద్దరాబడి. ఊరివారికిని ప్రయోజన మున్నది. తమ పిల్లలు ఏమి నేర్చిరో, నోరు తిరుగుచున్నదో లేదో, వాకిటనే పరీక్షించుకొనెడివారు. బడులు సర్కారువారి యాజమాన్యమునకును, గ్రాంటుల క్రిందికిని వచ్చి పంతులునకు నెలజీత మేర్పడినపిమ్మట చేయి చాచుట ఆయనకే చిన్నతన మనిపించినది. అవసరము తీరినది, ఆచారము సన్నగిల్లినది. దీనిని ఎవ్వరును నిషేధింపలేదు. ఏ పరదేశపు పండుగయు వచ్చి దీనిని త్రోసివేయలేదు. ఈ మాట మిత్రులు గమనింప ప్రార్థన.

ఇక హాలోవీన్ సంగతి. అక్టోబరు 31వ తేది రాత్రి జరుపుదురు. మరునాడు నవంబరు 1న క్రైస్తవులకు సకల పునీతుల పండుగ, 2న గతించిన ఆత్మలను తలచుకొను దినము. పూర్వము ఇంగ్లాండులో ఆ దినములలో పేదలును పిల్లలును ఇంటింటికి పోయి, ఆ ఇంట గతించినవారి ఆత్మలకై ప్రార్థించెదమని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకొనెడివారు. మన మహాలయ పక్షమున పితరుల పేర అన్నము పెట్టుట జ్ఞాపకము వచ్చుటలేదా? ఐర్లాండు, స్కాట్లాండు దేశములలో పిల్లలు వేషములు వేసికొని తిరిగెడివారు. స్కాట్లాండులో ఒక నియమ ముండెడిది. వేషము వేసినంతమాత్రమున ఏమియు ఇయ్యరు. ఒక పాటయో, పద్యమో, హాస్యమో వినిపింపవలెను. అప్పుడే పండ్లో, గింజలో, ఒక నాణెమో దొరకును. మన విల్లంబుల పిల్లలకును వారికిని ఎంత భేదము? మాకు మాత్రము దూరపు దాయాదులవలె తోచుచున్నారు.

ఆ దేశములవారు 19వ శతాబ్దమున ఓడలెక్కి అమెరికాకు పోవునపుడు ఈ ఆచారమునుకూడ మూటగట్టుకొని పోయిరి. అచ్చటికి పోయినపిమ్మట అది చాల మార్పులు పొందినది. స్వదేశమున టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టెడివారు. అమెరికాలో గుమ్మడికాయ విస్తారముగా దొరకుటచే దానిని తొలిచిరి. ఊరి కుఱ్ఱకారు ఆ రాత్రి చేయు ఆగడములు మితిమీరినవి. బండ్లను ఇండ్ల కప్పు లెక్కించుట, పశువులను విప్పి తోలుట మున్నగునవి. మిన్నెసోటా రాష్ట్రములోని అనోకా అను ఊరివారు ఈ బాధ పడలేక 1920లో ఆ దినమున పిల్లలకు ఊరేగింపును, తినుబండారములును ఏర్పాటు చేసిరట. బెత్తముతో గాక బెల్లముతో అల్లరి నణచిరన్నమాట. మిఠాయి పెట్టుడు, లేకున్న చిలిపిపని చేసెదము, అను అర్థముగల మాట ఆ కాలపు కెనడా పత్రికలలో కానవచ్చుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో చక్కెరకు రేషను పెట్టిరి. 1942 మొదలు 1947 వరకు అది సాగినది. చక్కెర లేనప్పుడు మిఠాయి ఎక్కడిది? ఆ యేండ్లలో పిల్లల తిరుగుడు వెనుకపట్టినది. రేషను తొలగినపిమ్మట, 1950 తరువాతి దశాబ్దములో, క్రొత్తగా లేచిన ఊరివెలుపలి పేటలలో అది మునుపటికంటె విజృంభించినది. మిఠాయి కర్మాగారములవారు ఈ అవకాశమును వదలుకొందురా? వర్తకులముగా మేమైనను వదలియుండెడివారము కాము.

ఈ విజృంభణలో ఒకటి జారిపోయినది. స్కాట్లాండు పిల్లవాడు వాకిట నిలిచి ఒక పాట పాడెను. అమెరికా పిల్లవాడు మూడు మాటలు పలికి బుట్ట చాచెను. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇచ్చుట పోయి పుచ్చుకొనుట మిగిలినది. ఆ కొరతను కొందరు తెలిసికొన్నట్లున్నారు. 1950లో ఫిలడెల్ఫియా ప్రాంతమున ఒక క్రైస్తవ బోధకుని కుటుంబము వారి పిల్లలు మిఠాయికి బదులుగా పాలడబ్బాలలో చిల్లర పోగుచేసి, యుద్ధముచే నష్టపడిన దేశముల బిడ్డలకొఱకు ఐక్యరాజ్యసమితి బాలల నిధికి పంపిరి. ఆ తొలి మొత్తము 17 డాలర్లు. పిమ్మట అది దేశమంతట వ్యాపించినది.

చిలిపిపని చేసెదమని బెదిరించుట మన సంస్కృతికి తగదని ఒక మిత్రు డనిరి. మేము చిఱునవ్వు నవ్వితిమి. కామదహనమునాడు ఈ మైసూరు సీమలో కుఱ్ఱవాండ్రు చేయునదేమి? ఇంటింట కట్టెలును పిడకలును అడుగుదురు. ఇయ్యనివారి పెరటిలోనివి రాత్రికి రాత్రి మాయమగును. విరిగిన బల్ల, తడికతలుపు, ఏదైనను కాముని మంటలో పడవలసినదే. ఉదయమున ఇంటివారు తిట్టెదరు. అదియు పండుగలో భాగమే. తెలంగాణములో పిల్లలు జాజిరి పాటలు పాడుచు, కోలలు కొట్టుచు, ఇంటింట గింజలును డబ్బులును పోగుచేయుదురు. వినాయక చవితినాడు పొరపాటున చంద్రుని చూచినవాడు నీలాపనింద తప్పించుకొనుటకై పొరుగింటి కప్పుమీద రాయి విసరి తిట్లు తినుట కొన్ని తావులలో వాడుక. కావున మన పూర్వులు మంచి పిల్లలే గాని, మరీ అంత మంచిపిల్లలు కారు.

మా చిన్నతనమున మేము స్వయముగా ఎరిగినవి మూడు కలవు. వినాయక చవితి సాయంకాలము చేత అక్షతలు పట్టుకొని, మీ ఇంట గణపతిని కూర్చుండబెట్టితిరా అని అడుగుచు ఇన్ని ఇండ్లని లెక్కపెట్టుకొని తిరుగుట. నవరాత్రులలో బొమ్మల కొలువులు చూడబోయి గుగ్గిళ్ళు తినుట. సంక్రాంతికి ఆడపిల్లలు పట్టుపరికిణీలు కట్టుకొని నువ్వులు, బెల్లము, కొబ్బరి, వేరుసెనగ, పుట్నాలు కలిపిన పొట్లములును, చెఱకుముక్కయు, చక్కెర అచ్చులును పళ్ళెమున పెట్టుకొని ఇంటింట పంచుట. ఈ మూడింటిలోను భాషాభేదము లేదు. బొమ్మలకొలువు తమిళుల ఇంట నుండును, కన్నడిగుల ఇంట నుండును, మన ఇంట నుండును. మా వీథిలో పిల్లలకు ఏ ఇంట గుగ్గిళ్ళలో కొబ్బరికోరు ఎక్కువయో తెలియును గాని, ఆ ఇంటివారి మాతృభాష ఏదియో తెలియదు. క్రిస్మసు దినములలో గనుల లైన్లలోని పాటల బృందములు దీపములతో ఇంటింటికి వచ్చి పాడునపుడు మనవారును అరుగులమీదికి వచ్చి వినుచుందురు.

ఇప్పుడు ఈ మూడును ఏ స్థితిలో నున్నవో మా అంగడి చెప్పును. పూర్వము సంక్రాంతికి పదిదినముల ముందుగనే తల్లులు తెల్లనువ్వులును ఎండుకొబ్బరియు విడివిడిగా కొనిపోయి, ఇంట తరిగి, ఎండబెట్టి, కలిపెడివారు. చక్కెర అచ్చులు చెక్కమూసలలో పోయుట ఇంటిల్లిపాదికి రెండుదినముల పని. ఇప్పుడు కలిపియుంచిన పొట్లములు, పోసియుంచిన అచ్చులు బెంగుళూరునుండి వచ్చును. వానిని కొని కొరియరులో బంధువులకు పంపువారును కలరు. అమ్మకము తగ్గలేదు, పెరిగినదనియే చెప్పవలెను. కాని పొట్లము వాకిలి దాటుచున్నదే గాని పిల్ల వాకిలి దాటుటలేదు. అక్టోబరు చివర దయ్యపు ముసుగులున్నవా, గుమ్మడి బుట్టలున్నవా అని అడుగువారు పదియేండ్లక్రింద లేరు, ఇప్పుడు కలరు. దొరల కాలమున లిటిల్ ఇంగ్లాండని పేరుపొందిన ఊరు మనది. ఆ దొరలు వెళ్ళిపోయిన ఎంతో కాలమునకు, చేతిఫోనులోని చిత్రములవెంట ఈ పండుగ మన వీథులకు వచ్చుట వింతగనే యున్నది.

పిల్లలు ఎందుకు తిరుగుటలేదు? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నూటయిరువది యేండ్లు ఈ ఊరికి అన్నము పెట్టిన పని ఒక్క దినమున ఆగినది. అప్పటినుండి మన యువకులును, యువతులును తెల్లవారుజామున మారికుప్పము బండి నెక్కి బెంగుళూరునకు పనికిపోయి రాత్రి భోజనవేళకు తిరిగివచ్చుచున్నారు. పోగా మిగిలినవారు అచ్చటనే కాపురములు పెట్టిరి. సాయంకాలము ఆరుగంటలకు పిల్లలు వీథిలోనికి వచ్చిరనుకొందము. తలుపు తీయువారెవరు? పది ఇండ్లలో నాలుగింట తాళము. రెండింట మెట్లు దిగలేని ముసలివారు. మరి రెండింట టెలివిజను గోలలో పిలుపు వినబడదు. మూసిన తలుపుల వీథిలో ఏ దేశపు పండుగ నిలుచును?

భయమొకటి చేరినది. ఎవరింటికో పోయి ఏమి తినివచ్చునో యని తల్లులు పిల్లలను పంపుటలేదు. ఈ భయమును అమెరికావారును ఎరుగుదురు. 1982లో షికాగో ప్రాంతమున మందుగొట్టములలో ఎవరో సయనైడు కలుపగా ఏడుగురు మరణించిరి. అది హాలోవీనుకు నెలదినముల ముందటి సంగతి, మిఠాయికి సంబంధించినది కాదు. అయినను ఆ యేడు తల్లిదండ్రులు మిఠాయిలన్నిటిని అనుమానించిరి. జోయెల్ బెస్ట్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1958 మొదలుకొని వచ్చిన వార్తలను శోధించి, పరాయివాడు వాకిట నిచ్చిన మిఠాయివలన ఏ బిడ్డయు ప్రాణము కోల్పోయినట్లు రుజువు లేదని తేల్చెను. 1974లో టెక్సాసు రాష్ట్రమున ఒక బాలుడు విషపు మిఠాయిచే చనిపోయిన మాట నిజమే. ఆ విషము పెట్టినవాడు కన్నతండ్రి. భీమా సొమ్ముకై ఆ ఘోరము చేసెను. పొరుగువాడు నిర్దోషి యని తేలినను భయము పోలేదు. ఇటీవల అచ్చటి పలు ఊళ్ళలో కార్ల నొక మైదానమున వరుసగా నిలిపి, వెనుకపెట్టెలు తెరచి, అందుండి పిల్లలకు మిఠాయిలు పంచుచున్నారు. ఇల్లు లేదు, వాకిలి లేదు, పొరుగు లేదు. పిల్ల కారునుండి కారునకు నడచును. మన వీథులుకూడ ఆ దశకు పోవునేమో యని మా భయము. దయ్యపు ముసుగును జూచి మేము భయపడుటలేదు.

ఇంకొక మాట. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. పాత ఆచారమును పొగడునపుడు దాని కొలతనుకూడ చెప్పవలెను. దసరా బృందము ప్రతి వాకిటను నిలువలేదు. బడికి రాని బిడ్డకు విల్లు లేదు. ఆడపిల్లకు తరచుగా లేదు. బడి మెట్టెక్కనీయని కులముల బిడ్డలు పద్యములను దూరమునుండి వినవలసినదే. గనిలోనికి దిగి బంగారము త్రవ్వినవారి బిడ్డలకు ఆ దోసెడు పప్పుబెల్లములు ఎన్నింట దొరకినవో పెద్దలే చెప్పవలెను. హాలోవీన్ రాత్రి ఏ బిడ్డయైనను, ఏ వాకిటనైనను నిలువవచ్చును. దీపము వెలుగుచున్న ఇల్లయిన చాలును, కులగోత్రము లడుగరు. ఈ గుణమును మనము అరువు తెచ్చుకొన్నను నష్టము లేదు. వడ్డీ అడుగువారును లేరు.

మన భాష సంగతియు ఇందులోనే యున్నది. కోలారు జిల్లాలో తెలుగు మాటాడు ఇండ్లు తక్కువ లేవు. కైవారము నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన సీమ యిది. ఆ కైవారము 2007లో క్రొత్త చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినది గాని, పాట జిల్లా హద్దు నెరుగదు. అయినను మన పిల్లలకు ఇంటిలోని తెలుగు తినుటకును, తిట్టుటకును మాత్రమే ఉపయోగపడుచున్నది. నలుగురియెదుట గొంతెత్తి ఒక పద్యము చదువు సందర్భము వారికి లేదు. రాజ్యాంగమున 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. దానికొఱకు మన సంఘము అర్జీలు పెట్టవలసినదే. కాని అర్జీవలన పుస్తకము రావచ్చును, పంతులు రావచ్చును. పొరుగింటి అవ్వ, ఏదీ మరల చదువు నాయనా, అని అడుగుట అర్జీవలన రాదు. దసరా పద్యముల మేలు అదియే. పిల్లవానికి భాష వాకిట విలువ తెచ్చినది. పద్యమునకు బెల్లము మారకము.

కావున బడికి ఖండన లేఖ పంపుటకు మేము సమ్మతింపము. ఆ పిల్లలు మనవారే. ముసుగు తీసిన మన మేనల్లుండ్రు, మనుమరాండ్రు బయటపడుదురు. తలుపు తట్టినందుకు వారిని తప్పుపట్టినచో వచ్చు దసరాకు తట్టువారే యుండరు. దానికి బదులుగా ఒక ఏర్పాటును సభవారి యెదుట ఉంచుచున్నాము.

రాబోవు నవరాత్రులలోని ఆదివారము బెంగుళూరు పనివారు ఇంటనుందురు. ఆ సాయంకాలము ఐదుగంటలనుండి ఎనిమిదివరకు, ఇష్టమున్న ఇండ్లవారును అంగళ్ళవారును వాకిట దీప ముంచవలెను. దీపమున్న చోటికి పిల్లలు పోవచ్చును, లేనిచోటికి పోరాదు. ఆడపిల్లలు, మగపిల్లలు, ఏ వీథివారైనను, గనుల లైన్లవారైనను, ఏ భాషవారైనను రావచ్చును. వేమన పద్యమో, సుమతీ శతకమో ఒకటి చదివిన చాలును. తమిళ బిడ్డ తిరుక్కుఱళు చదువును, కన్నడ బిడ్డ సర్వజ్ఞుని వచనము చదువును, ఉర్దూ బిడ్డ తన భాషలోనిది చదువును. ఏమియు రానివాడు తన పేరును, తన అవ్వ పేరును చెప్పినను బెల్లము పెట్టవలెను. వచ్చు సంవత్సరమునకు ఆతడు తప్పక నేర్చుకొనివచ్చును. దయ్యపు వేషమున వచ్చినవాడుకూడ పద్యము చదివిన లోనికి రానిండు. చిన్నపిల్లలతో ప్రతి గుంపునకు పెద్దవా రొకరు పోవలెను. పేర్లు వ్రాయించుకొనుటకు మహిళా సభ్యురాండ్రను కోరుచున్నాము.

విల్లంబులకు వెదురు కావలెను. బుట్టలల్లువారితో మేము మాటాడితిమి, నూరు విల్లుల వరకు చేసి యిచ్చెదమనిరి. బుక్కా వలదు, కన్నులలో పడును; బంతిపూల రెక్కలు చాలును. పుట్నాలును బెల్లమును మా అంగడినుండి కొన్నధరకే యిచ్చెదము. ఎన్ని ఇండ్లవారు దీప ముంచెదరో వచ్చు బుధవారములోగా కార్యదర్శిగారికి తెలిపినచో తూకము వేసి పొట్లములు కట్టించెదము. ఇంటికి అరకిలో వంతున అనుకొనుచున్నాము. పిల్లలు ఎక్కువగా వచ్చు మూలయిండ్లకు కిలో కావలసియుండును.